ఇద్దరికి ఒకే నంబరు

చార్మినార్ దగ్గర ఛత్తా బజార్‌లో పెళ్లి పత్రికలు కంపోజ్ చేసే దుకాణంలో నేను పనికి కుదిరేనాటికి నా కుర్చీకి ఒక చేయి లేదు. మానేసేనాటికి రెండోదీ లేదు. ఆ మధ్య గడిచిన ఏళ్లను నేను పెద్దగా తలుచుకోను. తలుచుకోవడానికి అందులో ఏముంది? పొద్దున ఉప్పుగూడలో బస్సెక్కడం, పగలంతా ముక్కూ మొహం తెలియనివాళ్ల పెళ్లిళ్లకు సకుటుంబ సపరివారంగా రమ్మని టైపు చేయడం, చీకటి పడ్డాక నడుం పట్టుకుని ఇల్లు చేరడం. పెళ్లిళ్ల సీజన్లో ఆదివారం కూడా ఉండేది కాదు. మూఢం వస్తే ప్రాణం లేచొచ్చేది.

పక్క కుర్చీలో బార్కస్ నుంచి వచ్చే ఒకతను ఉండేవాడు. ఉర్దూ, అరబీ పత్రికలు అతనివి. తెలుగు, హిందీ నావి. అతని తాతల తాతలు ఎప్పుడో అరబ్బుల దేశం నుంచి నిజాం ఫౌజులోకి వచ్చారట. ఇతనికి మాత్రం అరబీ టైపు చేసేంత వచ్చు, మాట్లాడేంత రాదు. నేను అతన్ని భాయ్ అనేవాణ్ణి. అతనూ నన్ను భాయ్ అనేవాడు. ఒకే గదిలో ఉన్నది మేమిద్దరమే కాబట్టి ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తికమక లేదు.

మేం పెద్ద మాటకారులం కాదు. ఇది ముందే చెప్పాలి. ఒక్కోరోజు పొద్దున సలాం, సాయంత్రం ఖుదాహాఫిజ్, మధ్యలో 'కత్తెర ఎక్కడుంది' తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అయినా అతను రాని రోజు నాకు ఆ గది ఇరుకుగా అనిపించేది. ఒక మనిషి తగ్గితే గది ఇరుకెలా అవుతుందో నన్నడగొద్దు.

ఆటను తెచ్చింది అతనే. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలో కంప్యూటర్ పత్రిక ఒకటి దొరికిందట, దాని అట్టకు అంటించిన సీడీతో సహా. అందులో ఉన్నవన్నీ షేర్‌వేర్లు, అంటే ముందు ఊరికే వాడుకోనిచ్చి, రుచి మరిగాక డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకోమనే రకం. వాటిలో ఒకటి ఆకాశంలో ఓడలు నడిపే ఆట. ఒకళ్లే ఆడొచ్చు, పదిమంది కలిసీ ఆడొచ్చు. మా రెండు కంప్యూటర్లకు మధ్య ఫైళ్లు పంపుకోవడానికి ఒక వైరు ఉండేది. దాని మీద ఇద్దరం ఆడుకోవచ్చని అతని ఆలోచన.

ఎక్కించడానికి తల ప్రాణం తోకకొచ్చింది. నా కంప్యూటర్లో జాగా లేదు. ఉన్నదంతా దుకాణం యజమాని సేటువి, రకరకాల వినాయకులు, కలశాలు, అరటిచెట్ల బార్డర్లు. వాటిని తుడిచేస్తే సేటు మమ్మల్ని తుడిచేస్తాడు. చివరికి వినాయకుల్ని అతని కంప్యూటర్లోకి పంపాం. అక్కడ బిస్మిల్లా డిజైన్ల పక్కన వాళ్లు సర్దుకుని కూర్చున్నారు. సీడీ పెట్టి ఇన్‌స్టాల్ నొక్కితే ఆ నీలం గీత నత్తలా కదిలి, చివరికంటా వచ్చి ఆగేది. సీడీ తీసి చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టేవాళ్లం. ఈసారి పూర్తవుతుందనగా కరెంటు పోయేది. ఒక మధ్యాహ్నం, సేటు భోంచేసి దిండుకి ఆనుకుని గురక మొదలుపెట్టాక, రెండు తెరల మీదా ఒకేసారి నల్లటి ఆకాశం పరుచుకుంది.

"చల్ భాయ్, నిక్లో," అన్నాడు అతను, పద బయలుదేరు అని.

ఆటలో గొప్పేమీ లేదు. చెరో చిన్న ఓడ ఇస్తారు. ఒక గ్రహం మీద ఇనుప రాయి ఎత్తుకుని ఇంకో గ్రహం మీద అమ్మాలి. దారిలో దొంగలుంటారు. డబ్బు కూడితే పెద్ద ఓడ కొనొచ్చు. పొద్దంతా బండచాకిరీ చేసి, తిండి తినే వేళలో మళ్లీ కూలికి మూటలు మోశామన్నమాట, అదీ సరదాగా. అయితే రిజిస్టర్ చేయని ఆట కాబట్టి కాసేపటికి ఒక బాక్సు వచ్చి, ఆట నచ్చితే దయచేసి కొనుక్కోండని మర్యాదగా చెప్పి ఆటనే మూసేసేది. సంపాదించింది ఏదీ మిగిలేది కాదు. మరునాడు మళ్లీ అదే గ్రహం, అదే ఖాళీ ఓడ. నెలల తరబడి మేం రోజూ పేదవాళ్లుగానే మొదలయ్యాం. మాకది వింతగా ఏమీ అనిపించలేదు.

తర్వాత అతనికి జెద్దాలో ఒక ప్రెస్‌లో పని దొరికింది. బార్కస్‌లో అది పెద్ద విశేషం కాదు, ఇంటికొకరు అటే పోతారు. వెళ్లే ముందు రోజు కూడా మేం మామూలుగానే పని చేశాం. సాయంత్రం షట్టర్ దించుతుంటే అన్నాడు.

"గాడికి పోయినంక ఆటను రిజిస్టర్ జేస్త. అప్పుడు ఇంటర్నెట్ల ఆడొచ్చు. నువ్వీడ, నేన్గాడ. ఆస్మాన్ల కలుద్దాం."

"ముందు నువ్వు సక్కగ పో భాయ్. ఆస్మాన్ సంగతి తర్వాత సూద్దాం," అన్నాను. తాళం వేస్తున్నట్టు మొహం అటు తిప్పుకున్నాను.

రిజిస్టర్ చేయడం ఇక్కడి నుంచి మావల్ల అయ్యే పని కాదు. డబ్బు డాలర్లలో కట్టాలి, దానికి కార్డు కావాలి. మా గల్లీలో కార్డంటే రేషన్ కార్డే. జెద్దాలో అతను కొన్నాళ్లు ఆగి, మంచి మూడ్ చూసి, యజమాని కార్డుతో ఆ పని చేయించాడు. చేయించి ఫోన్ చేశాడు.

మా గల్లీకంతటికీ ఫోను ఒకరింట్లోనే ఉండేది. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చిన ఆఫీసరు గారిల్లు. ఎవరు నంబరు అడిగినా అందరం ఆ నంబరే ఇచ్చి, పక్కన పీపీ అని రాసేవాళ్లం. పక్కింటి ఫోను, పిలిస్తే వస్తాం అని దాని అర్థం. కొలువు దరఖాస్తుల్లో ఆ నంబరే, పెళ్లి సంబంధాలకూ ఆ నంబరే. ఆ ఇంటావిడ మంచిది కాబట్టి సరిపోయింది. గేటు దగ్గర నిలబడి, "బాబూ, నీకు జెద్దా నుంచి ఫోను, తొందరగా రావాలి, మీటరు తిరుగుతోంది వాళ్లకి," అని కేకేసింది. నేను లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తాను.

ఎలా ఉన్నావు, తిన్నావా ఏమీ లేదు. "రాస్కో," అన్నాడు. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి నంబరు అది.

"బీ. బార్కస్‌ది బీ. నాలుగు. సీ, చార్మినార్‌ది. తొమ్మిది. జీ, గుడిమల్కాపూర్‌ది..."

ఊరంతా తిప్పాడు. నేను ఆవిడ గోడ క్యాలెండర్ అంచు మీద రాసుకుంటూ, పైకి తిరిగి చదువుతూ పోయాను. ఆవిడ పోపు పెట్టడం మానేసి గుమ్మంలో నిలబడింది. "ఏంటి బాబూ, లాటరీ ఏమైనా తగిలిందా?" అంది. దాదాపు అలాంటిదే అన్నాను.

"ఇది నాది. మరి నీ నంబరేంది?" అని అడిగాను ఫోన్‌లో.

"ఇంకోటి కైకు రే? ఇద్దరికి గిదే. మీ గల్లీల అందరికి ఒక్క నంబర్ నడుస్తలేదా?"

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. నడుస్తోంది కదా! పేపరు నాలుగిళ్లు తిరిగేది, ఇస్త్రీ పెట్టె ఆరిళ్లు తిరిగేది. ఒక్క నంబరుకి ఇద్దరు ఎక్కువా?

ఎక్కువే అని ఆదివారం తెలిసింది. అతను సెలవు పెట్టుకుని, నేను ఉప్పుగూడ స్టేషన్ దగ్గరి నెట్ సెంటర్లో ఆట ఎక్కించుకుని కూర్చుని, అనుకున్న వేళకు ఇద్దరం నంబరు కొట్టాం. అతను ముందు వెళ్లాడు. నేను అడుగు పెట్టగానే తెర మీద బాక్సు వచ్చింది. ఈ నంబరు మరోచోట వాడుకలో ఉంది అని. అక్కడ అతనికీ అదే బాక్సు. ఇద్దర్నీ ఒకేసారి మెడబట్టి గెంటేసింది. మళ్లీ కొట్టాం, మళ్లీ గెంటింది. ఆట కంపెనీవాళ్ల దృష్టిలో ఒక నంబరంటే ఒక మనిషి. పీపీ అంటే ఏంటో వాళ్లకెవరూ చెప్పలేదు.

కంపెనీకి రాద్దామా అనుకున్నాం. రాస్తే దొంగలమని ఉన్న నంబరు కూడా పీకేస్తారని అతనికి భయం. ఇంకోటి కొనిపెట్టమని యజమానిని మళ్లీ అడగడం అతని వల్ల కాదు. అడగమనడం నా వల్ల కాదు. ఇక చేసేదేముంది, వంతులు వేసుకున్నాం. అతనికి సెలవు శుక్రవారం, నాకు ఆదివారం. నంబరు ఒకటే కాబట్టి ఓడా ఒకటే. శుక్రవారం అతను నడిపి ఎక్కడో రేవులో కట్టేసి పోతాడు, ఆదివారం నేను విప్పుకుంటాను.

ఆస్మాన్‌లో కలుద్దామన్నవాళ్లం అలా ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకే ఓడలో డ్యూటీలు మారుకుంటూ బతికాం. అతను నాకు ఎప్పుడూ ట్యాంకు నింపి పెట్టేవాడు. దొంగలు కొట్టిన దెబ్బలు బాగు చేయించి పెట్టేవాడు. నేను మంచి ధర పలికే సరుకు ఎక్కించి వదిలేవాణ్ణి, అమ్మే సంతోషం అతనికి దక్కాలని. మెయిళ్లూ రాసుకున్నాం కానీ అవి మా ఇద్దరికీ చేతకాలేదు. క్షేమమని చెప్పే 'ఖైరియత్', 'నేనూ ఖైరియత్', అంతే. ఉత్తరంలో అడగలేనివి ఓడలో తెలిసేవి. సరుకు అమ్మకుండా, ట్యాంకు మాత్రం నింపి వెళ్లాడంటే ఆ వారం ఒంట్లో బాగాలేదని లెక్క. అడిగితే ఒప్పుకునేవాడు కాదు.

ఒక శుక్రవారం ఏదో పండగకు దుకాణం మూశారు. సాయంత్రం చాయ్ వేళ, ఊరికే ఉండలేక నెట్ సెంటర్‌కు వెళ్లి నంబరు కొట్టాను. అతని వంతన్న సంగతి గుర్తుంది, చేయి ఊరుకోలేదు. బాక్సు వచ్చింది. మరోచోట వాడుకలో ఉంది. నేను నవ్వాను. పక్క కుర్చీలో పరీక్ష రిజల్టు చూసుకుంటున్నవాడు నాకేదో పిచ్చనుకుని జరిగి కూర్చున్నాడు. వాడుకలో ఉందంటే, ఆ క్షణాన అతను అక్కడ కుర్చీలో ఉన్నాడు. నా దెబ్బకు అతన్నీ బయటికి గెంటేసి ఉంటుంది. ఎవరు గెంటించారో అతనికీ తెలుస్తుంది. ఆ మొదటి ఆదివారం తర్వాత మేం ఒకేసారి ఒకేచోట ఉన్నది అప్పుడే.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం చాయ్ వేళకు దుకాణం దాటి పక్క గల్లీలో, ఆట ఎక్కించి ఉంచుకున్న నెట్ సెంటర్‌కు వెళ్లి నంబరు కొట్టేవాణ్ణి. బాక్సు వచ్చేది. చూసుకుని, లేచి వచ్చేసేవాణ్ణి. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి, ఇల్లు చేరామని మిస్డ్ కాల్ ఇచ్చుకునే రోజులవి. మాది అలాంటిదే. అతనెప్పుడూ ఎందుకు గెంటుతున్నావని మెయిల్లో అడగలేదు. నేనూ చెప్పలేదు.

నిజం చెప్పాలంటే అప్పటికి ఆట నాకు ముఖం మొత్తింది. ఆదివారం ఓడ నడపడం కూడా ఇంకో షిఫ్టులా తయారైంది. మెడ నొప్పి, కళ్ల మంటలు. సేటు పెద్ద మెషిన్ కొని మనుషుల్ని తగ్గించే ఆలోచనలో ఉన్నాడు. ఎప్పుడు పొమ్మంటాడా అని వారమంతా గుండె చేత్తో పట్టుకుని పనిచేసేవాణ్ణి. ఆ వారంలో నాకంటూ ఉన్నది శుక్రవారం నాటి ఆ బాక్సొక్కటే. అదీ లేకపోతే నేనేమైపోతానో అనిపించేది.

ఒక శుక్రవారం నంబరు కొడితే ఆట తెరుచుకుంది.

ఓడ నేను ఆదివారం కట్టిన చోటే ఉంది. ట్యాంకు ఖాళీ. ఆలస్యమైందేమో అనుకుని బయటికొచ్చి మళ్లీ కొట్టాను. మళ్లీ తెరుచుకుంది. ఆ పై శుక్రవారమూ అంతే. మెయిల్ రాస్తే జవాబు లేదు. నాకు తిండి సహించలేదు. జెద్దా రోడ్ల మీద యాక్సిడెంట్లు ఎక్కువని ఎవరో ఎప్పుడో అన్న మాట చెవిలో తిరగడం మొదలైంది. ఆ ఆదివారం బస్సెక్కి బార్కస్‌కు బయలుదేరాను. అతని ఇంటి ముందు చావు టెంటు వేసి ఉంటుందేమోనన్న భయంతో గల్లీ మలుపులో కాసేపు ఆగిపోయాను కూడా.

టెంటు లేదు. వాళ్ల నాన్న లుంగీలో అరుగు మీద కూర్చుని జామకాయలు బేరమాడుతున్నాడు. నేను సలాం చేసి, నోరు పెగుల్చుకుని, జెద్దా కబురేమైనా ఉందా చాచా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"జెద్దా కైకు? అందర్ సోరా, బేటా. ఠైరో, ఉఠాతా," అన్నాడు. లోపల పడుకున్నాడట. లేపుతాడట.

నా దోస్తు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చాడు. బాగా చిక్కాడు. గడ్డంలో తెల్ల వెంట్రుకలు. నన్ను చూసి నిలబడిపోయాడు. ఎగిరి కౌగిలించుకోవాలో చెంప పగలగొట్టాలో నాకు తెలియలేదు. ఏదీ చేయలేదు. చాయ్ తాగుదామని గల్లీ చివరి హోటల్‌కు తీసుకెళ్లాడు.

"ఎప్పుడొచ్చినవ్?" అన్నాను.

"రెండు వారాలైంది."

"మల్ల పోవుడెప్పుడు?"

"పోవుడు లేదు. ప్రెస్ బంద్ వెట్టిండ్రు. అందర్ని వాపస్ పంపిండ్రు."

"నాకొక్క మాట చెప్పకపోతివి భాయ్. నీకేమన్న అయ్యిందేమో అని నా పానం పోయింది తెల్సా?"

అతను సాసర్లో చాయ్ పోసుకుని, తాగకుండా చూస్తూ కూర్చున్నాడు. "ఏమని చెప్పాలె? పోయినప్పుడెట్లున్ననో అట్లనే వచ్చిన అని చెప్పాల్నా? నువ్వేమో గాడ ఉన్న అనుకుంటున్నవ్. అనుకోనీ అని ఊకున్న." సాసర్ పక్కకు జరిపి, "ఇగ నంబర్ పూరా నీదే. ఎప్పుడంటె అప్పుడు ఆడుకో," అన్నాడు.

"నేను ఆడెటందుకు పోలే భాయ్, శుక్రారాలు."

"నాకెర్క," అన్నాడు. "నేన్గూడ ఆడెటందుకు రాకపోతుంటి. నువ్వొచ్చి నన్ను బైటికి నూకేస్తె, పక్కన కూసున్న మలబారీ, గదే కేరళోడు, అడిగేటోడు, క్యా హువా అని. మేరా దోస్త్ ఆయా అని చెప్పి లేసొచ్చేటోన్ని."

కళ్లలో నీళ్లు తిరిగాయి. చాయ్ వేడి అన్నాను. ఆ తర్వాత ఇద్దరం ఏదో మాట్లాడాలని చూశాం. సేటు సంగతి ఒక వాక్యం. వాళ్ల నాన్న షుగర్ సంగతి ఒక వాక్యం. ఏం పని వెతుక్కుంటావని అడగబోయి, అతని మొహం చూసి మానుకున్నాను. నా పని కూడా ఉండేలా లేదని చెప్పబోయి అదీ మానుకున్నాను. ఒకప్పుడు గంటల తరబడి మాట లేకుండా కూర్చున్నవాళ్లం, ఆ రోజు మాత్రం మాట లేకపోవడం ఇద్దరికీ బరువైంది. బస్సు దాకా వచ్చాడు.

"శుక్రారం రా భాయ్. అమ్మ హలీం లెక్క చేస్తది గద, హరీస్, తిని పోదువు," అన్నాడు.

వస్తానన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

శుక్రవారం చాయ్ వేళకు దుకాణంలోంచి లేచాను. బార్కస్ బస్సు ఎక్కడానికి కుడివైపు వెళ్లాలి. వెళ్తే మళ్లీ ఆ బల్లకు అటూ ఇటూ కూర్చోవాలి. ఖాళీగా తిరిగొచ్చిన మనిషినీ, రేపో మాపో ఖాళీ కాబోయే నన్నూ ఎదురెదురుగా పెట్టుకుని చూడాలి. ఆ ఓపిక నాలో లేదు, ఎంత వెతికినా లేదు. ఎడమకు తిరిగి నెట్ సెంటర్లోకి వెళ్లి కూర్చున్నాను.

నంబరు కొట్టాను. అతను ఎక్కడున్నాడో తెలుసు. వాళ్లమ్మ వంట చేస్తుంటుందనీ, అతను అరుగు మీద నాకోసం చూస్తుంటాడనీ తెలుసు. అంతా తెలిసి కూడా, మరోచోట వాడుకలో ఉందన్న బాక్సు వస్తుందేమోనని తెరవైపు కళ్లార్పకుండా చూశాను.

ఆట తెరుచుకుంది. ఒకసారి కాదు, ఎన్నిసార్లు మూసి కొట్టినా తెరుచుకుంది. నన్ను బయటికి పొమ్మనేవాళ్లు ఆ ఆకాశంలో ఎవరూ లేరు.